గుండు లావు ఒకటే, మరి దెబ్బ ఎందుకు వేరు?

అమెరికాలో తుపాకుల దుకాణంలో గానీ, శనివారం పూట షూటింగ్ రేంజ్ దగ్గర గానీ ఓ పావుగంట నిలబడితే చాలు, తగువు చెవిన పడుతుంది. .308ని మించిన రైఫిల్ లేదంటాడొకాయన. 6.5 క్రీడ్‌మోర్ వచ్చాక దాని పని అయిపోయిందంటాడు పక్కాయన. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కొత్తగా ఈ సరదాలో పడ్డ మనవాళ్లకి ముందు కొరుకుడుపడనివి ఆ అంకెలే. అంకె చూసి ఏం తెలుసుకోవచ్చు? ఏం తెలుసుకోలేం?

మొదట ఒక జత తీసుకుందాం: .22 ఎల్‌ఆర్, .223 రెమింగ్టన్. గొట్టంలోంచి దూసుకెళ్లేది గుండు. గుండు, మందు, వాటిని పట్టి ఉంచే ఇత్తడి కేసు, నిప్పు రాజేసే ప్రైమర్ కలిస్తే తూటా. ఈ రెండు రకాల గుళ్లూ పక్కపక్కన పెడితే లావులో తేడా కంటికి ఆనదు. రెండూ దాదాపు 5.7 మిల్లీమీటర్లే. తూటాలు నిలబెట్టి చూడండి: .22 ఒక్క అంగుళం, .223 రెండుంపావు అంగుళాలు. ఆ పెరిగిన పొడుగులో చాలా భాగం మందుకు చోటే.

గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ అంటే మన గురిగింజ ఎత్తులో సుమారు సగం. మామూలు .22 గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. .223లో బాగా వాడే గుండు 55 గ్రెయిన్లు, మూడున్నర గ్రాముల పైచిలుకు. మొదటిది సెకనుకు 330 మీటర్ల వేగంతో బయలుదేరితే, రెండోది 990 మీటర్లతో బయలుదేరుతుంది. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలవుతుంది. బరువు కూడా కొంచెం ఎక్కువ కాబట్టి లెక్క పన్నెండింతలకు తేలుతుంది: ఒకటి సుమారు 140 జౌళ్లు, ఇంకోటి 1,740. లావు మాత్రం అదే.

మరి .22లోనే ఇంకాస్త మందు ఎందుకు కూరరు? దాని కట్టుబడే ఒప్పుకోదు. .22 తూటా అడుగున చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. నిప్పు రాజేసే రసాయనం ఆ అంచు మడతలోనే దాగి ఉంటుంది. తుపాకీ పిన్ను వచ్చి అంచును నలిపితేనే అది అంటుకుంటుంది. నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి. పల్చటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అందుకే .22కి ఒత్తిడి పరిమితి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. .223కి 55,000. దాని ప్రైమర్ అడుగు మధ్యలో విడిగా కూర్చుంటుంది, చుట్టూ ఇత్తడి మందంగా ఉంటుంది. కాల్చేసిన కేసుకు కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్లీ వాడుకోవచ్చు కూడా. అమెరికాలో ఇలా గ్యారేజీలో కూర్చుని గ్రెయిన్‌లో పదో వంతు దాకా మందు తూచుకునే వాళ్లున్నారు. వాళ్లకి కాల్చడం కన్నా తూచడమే ఎక్కువ ఇష్టమేమో అని నా అనుమానం.

బలం తక్కువని .22ని చిన్నచూపు చూడకూడదు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ దీనితోనే. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. 2024 పారిస్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. పోటీ తూటాలను కావాలనే శబ్దవేగానికి కాస్త దిగువన ఉంచుతారు. శబ్దవేగం దాటి బయలుదేరిన గుండు దారిలో ఆ గీత కిందికి దిగేటప్పుడు చిన్న కుదుపుకు లోనవుతుంది. మిల్లీమీటర్ల ఆటలో ఆ కుదుపే కొంప ముంచుతుంది. ఇక ప్రమాదం సంగతంటారా, ఈ చిన్న గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు.

వేగం తక్కువైనందుకు చెల్లించే మూల్యం దూరంలో తెలుస్తుంది. వంద మీటర్లు చేరడానికి .22 గుండుకు సెకనులో మూడో వంతు పడుతుంది. ఆలోగా భూమి దాన్ని అర మీటరు కిందికి లాగేస్తుంది. .223 సెకనులో పదో వంతుకే చేరుకుంటుంది కనుక పడేది ఐదారు సెంటీమీటర్లే. కిందికి పడే తీరు రెండింటికీ ఒకటే, పడడానికి దొరికిన సమయమే వేరు.

పేర్ల దగ్గరికొస్తే అంతా గందరగోళమే. .30-06లో 06 అంటే 1906, తూటా పుట్టిన ఏడు. .30-30లో రెండో 30 మొదట్లో పోసిన మందు గ్రెయిన్లు. .303 గుండు నిజంగా కొలిస్తే .311 అంగుళాలు తేలుతుంది. గొట్టం లోపల గాడులు ఉంటాయి; గాడుల మధ్య గట్టు నుంచి గట్టుకు కొలిచినవాడు ఒక అంకె చెప్పాడు, గాడి అడుగు నుంచి కొలిచినవాడు ఇంకోటి. వేటగాడు జిమ్ కార్బెట్‌కు చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రైఫిల్‌లో వాడే .275 రిగ్బీ, జర్మన్ల 7×57 మౌజర్ రెండూ ఒకే తూటా. అమ్మేవాడి ఇష్టం.

ఈ అంకెల్లో కొన్నిటి వెనక మన దేశమే ఉంది. పట్టుకుపోయిన మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్లలో తిరుగుబాటుదారులు .450 గుళ్లు వాడతారన్న భయంతో, 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోనూ సుడాన్‌లోనూ ఆ క్యాలిబర్‌ను, అంటే ఆ లావు గుళ్లను, నిషేధించింది. లండన్ తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475 అని వరసగా దింపాయి. ఏనుగుల వేటకు మునుపటిలాగే పనికొచ్చాయి, చట్టానికీ చిక్కలేదు. నేటికీ మన దేశంలో .303 లాంటి సైనిక క్యాలిబర్లు పౌరులకు నిషిద్ధ బోరే. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల .315 కనిపించడానికి కారణం అదే.

తుపాకీలో పట్టింది కదా అని వేరే పేరు తూటా వేస్తే నవ్వులాట కాదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లో దూరి కూర్చోగలదు. ట్రిగ్గర్ నొక్కితే లావు గుండు సన్న గొట్టంలో ఇరుక్కుని తుపాకీ చేతిలోనే పేలుతుంది. గొట్టం మీది పేరు, తూటా అడుగున కొట్టిన ముద్ర ఒకటేనా కాదా అన్నది ప్రతిసారీ చూసుకోవలసిందే.

ఇక మొదటి తగువు. .308 వించెస్టర్ 1952 నాటిది. క్రీడ్‌మోర్‌ను 2007లో హార్నడీ కంపెనీ ముచ్చటపడి దూరపు గురి కోసమే తయారుచేసింది. .308లో 168 గ్రెయిన్ల గుండు, 6.5లో 140 గ్రెయిన్ల గుండు, రెండూ సెకనుకు 800 మీటర్లకు కాస్త అటూఇటూగానే బయలుదేరతాయి. రెండోది సన్నం, పొడుగు. గాలిని చీల్చుకుపోతుంది, వేగాన్ని త్వరగా పోగొట్టుకోదు, పక్కగాలికి తక్కువ కొట్టుకుపోతుంది. వెయ్యి గజాల దగ్గరికొచ్చేసరికి .308 గుండు శబ్దవేగం అంచుకు దిగజారితే, 6.5 ఇంకా దాని పైనే ఉంటుంది. భుజానికి తగిలే తన్ను కూడా తక్కువ. .308 వైపు వాదనా తీసిపారేసేది కాదు: దాని గొట్టం ఎక్కువ తూటాలకు ఓర్చుకుంటుంది, ఊరూరా రకరకాల తూటాలు దొరుకుతాయి. నన్నడిగితే, మూడు వందల మీటర్ల లోపు కాల్చేవాళ్లకి ఈ తగువు కాలక్షేపమే. రేంజ్‌లో తగువులాడేవాళ్లలో ఎక్కువమంది ఆ లోపే కాలుస్తారు.

గొట్టం లోపలి గాడుల మెలి సంగతి మాత్రం కాలక్షేపం కాదు. పొడుగు గుండు ముక్కు ముందుకు ఉంచుకుని పోవాలంటే గిర్రున తిరగాలి. గుండు ఎంత పొడుగైతే అంత బిగువు మెలి కావాలి. పాత .223 గొట్టాల్లో గుండు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది, 55 గ్రెయిన్లకు అది సరిపోయేది. అందులో 77 గ్రెయిన్ల గుండు వేస్తే దారిలో పల్టీలు కొడుతుంది. కాగితం మీద గుండ్రటి చిల్లికి బదులు, గుండు అడ్డంగా తగిలిన పొడుగాటి చీలిక కనిపిస్తుంది. అది చూసి తూటాలను తిట్టుకుంటారు. తప్పు తూటాది కాదు, జోడీది. 7 లేదా 8 అంగుళాల మెలి ఉన్న గొట్టంలో అదే గుండు పద్ధతిగా పోతుంది.

అయితే ఏ రైఫిల్‌కు ఏ తూటా నప్పుతుందో పోల్చడం ఎలా? కాగితం మీదే. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి, ఒకే బిందువుకు గురిపెట్టి కాల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. కొలత కోణంలో చెబుతారు: డిగ్రీలో అరవయ్యో వంతు వంద మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. మూడే గుళ్లు కాల్చి, ఒకదాన్నొకటి తాకుతున్న మూడు చిల్లులు ఫొటో తీసి చూపించేవాళ్లని నమ్మకండి. మూడు కలవడం అదృష్టం కావచ్చు. అదే పది కాలిస్తే అసలు రూపం బయటపడుతుంది.

పోటీల్లో దిగేవాళ్లు ఇంకో మెట్టు పైకి వెళ్తారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఎలీ కంపెనీకి, జర్మనీలోని షోనెబెక్‌లో లపువా కంపెనీకి పరీక్ష రేంజ్‌లున్నాయి. షూటర్ తన .22 రైఫిల్ పట్టుకెళ్తే దాన్ని ఇనుప పట్టీల్లో బిగించి, మనిషి చేతి వణుకు కలవకుండా, ఒకే రకం తూటాలను లాట్ (ఒక విడతలో తయారైన తూటాలు) తర్వాత లాట్ కాల్చి చూపిస్తారు. ఒక గొట్టంలో ముద్దగా పడిన లాట్ ఇంకో గొట్టంలో చెదిరిపోవచ్చు. ఎందుకంటే మందులో, మైనం పూతలో, అంచు మందంలో వెంట్రుకవాసి తేడాలు లాట్ లాట్‌కూ ఉంటాయి. వాటిలో ఏది తనకు నచ్చుతుందో ఒక్కో గొట్టానిదీ ఒక్కో తీరు. నచ్చిన లాట్ దొరికితే ఆ నంబరు రాసుకుని, సీజన్ మొత్తానికీ సరిపడా ఒకేసారి కొనేసుకుంటారు. అది అయిపోతే అదే పేరు, అదే పెట్టె అయినా మళ్లీ మొదటి నుంచి పరీక్షే.