తీగ తెగినను ఆగని సందేశము

ఆరోగ్య కేంద్రమున వైద్యుని గది నుండి మందుల గదికి కంప్యూటరుపై సందేశము పంపవలెనన్న ఇంటర్నెట్టు తప్పనిసరియని పలువురు తలచుచుందురు. అది నిజము కాదు. గాలివానకు బయటి తీగ తెగినను, లోపలి కంప్యూటర్లకును, వానిని కలుపు స్విచ్చి పెట్టెకును విద్యుత్తు ఉన్నచో సందేశము చేరగలదు. ఇందుకు వాడుకలోనున్న పద్ధతి ఈథర్‌నెట్. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున దీనికి అంకురార్పణ జరిగెను.

ఇది పనిచేయు తీరు చూతము. తీగ తగిలించు ప్రతి కార్డుకు 48 బిట్ల చిరునామా కలదు. పంపదలచిన కంప్యూటరు మొదట, దండోరా వేసినట్లు, "ఈ సంఖ్య ఎవరిది?" అని అన్నిటిని అడుగును. ఆ సంఖ్య గలది మాత్రమే తన చిరునామా తెలుపును. పిదప సందేశము చిన్న పొట్లములుగా బయలుదేరును. ఒక్కొక్క దానిలో సాధారణముగా 1500 బైట్ల వరకు పట్టును. స్విచ్చి చిరునామా చూచి, తగిన తీగపైకే వానిని పంపును. సాధారణపు రాగి తీగ ఒక్కొక్కటి 100 మీటర్లు మించరాదు.

అయితే ఒక విషయము మరువరాదు. సందేశ సాధనము దూరపు యంత్రముపై ఆధారపడినదైనచో, ప్రక్క గదికి పంపు మాటయు బయటికి పోయి రావలసినదే. కావున లోపలనే పనిచేయు సాధనమును ముందే అమర్చి, నెలకొకసారి బయటి తీగ తీసి పరీక్షింపవలెనని మా మనవి. రోగి వేచియున్నపుడు దారి వెదకుకొనుట తగదు.