మంచుకొండ బూటు, ముసురు పట్టిన కాగజ్‌నగర్

1953 మే 29. ఎవరెస్టు మీద దాదాపు 8,500 మీటర్ల ఎత్తున వేసిన చిన్న గుడారం. తెల్లవారుజామున ఎడ్మండ్ హిల్లరీ లేచి చూసేసరికి, రాత్రి విప్పి పక్కన పెట్టిన బూట్లు గడ్డకట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. శిఖరం ఇంకా కొన్ని గంటల నడక. కాళ్లేమో బూట్లలో దూరడం లేదు. ప్రైమస్ స్టవ్ వెలిగించి, మంట మీద అటూ ఇటూ తిప్పుతూ వాటిని మెత్తబరచడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. రాత్రంతా బూట్లు విప్పకుండానే పడుకున్న సహచరుడు టెన్జింగ్ నార్గేకు ఆ తిప్పలు రాలేదు.

హిల్లరీ వేసుకున్నవి ఆషామాషీ బూట్లు కావు. బ్రిటన్‌లోని పాదరక్షల పరిశోధన సంస్థ సాట్రా ఆ యాత్ర కోసమే వాటిని రూపొందించింది. చలిని ఆపడానికి అందులో కూర్చింది తెల్లబూరుగు దూది. ఆ దూది పీచుల మధ్య చిక్కుకున్న గాలే కాలికి వెచ్చదనం ఇస్తుంది. ఆ గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే కథ మారిపోతుంది. గాలి కంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా బయటికి దాటిస్తుంది. అందుకే మంచుకొండల మీద తడి బూటు వేళ్లను పోగొట్టుకునేంత ప్రమాదం.

ఆ తడిలో చాలాభాగం బయటి మంచుది కాదు, కాలిదే. మనిషి రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. గాలి ఆడని బూటులో ఆ చెమటంతా లోపలి గుడ్డకూ దూదికీ పడుతుంది.

మంచు మీద జారే స్కీ క్రీడలో ఈ సమస్య మరింత ముదిరింది. 1950ల దాకా స్కీ బూట్లు తోలువే. లేసులు బిగించి కట్టుకునేవారు. ఆ దశాబ్దంలోనే స్విట్జర్లాండ్‌లో లేసుల బదులు లోహపు బకిళ్లు వచ్చాయి. 1960లలో అమెరికాకు చెందిన బాబ్ లాంగె ప్లాస్టిక్ బూటును తెచ్చాడు. కాలి కదలికను అది వెంటనే స్కీ పలకకు అందించేది కాబట్టి పందేలు ఆడేవాళ్లు త్వరలోనే తోలును వదిలేశారు. తోలు కాస్తో కూస్తో ఆవిరిని బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ చిప్ప బొట్టు కూడా వదలదు. గట్టి చిప్పలో విడిగా ఒక మెత్తటి లోబూటు పెట్టడం అప్పటినుంచీ స్థిరపడింది. ఈనాడు స్కీ బూటును ఆరబెట్టడమంటే ముఖ్యంగా ఆ లోబూటును ఆరబెట్టడమే.

తడి బూటును నిప్పు దగ్గర పెట్టాలనిపించడం సహజం. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో గది మధ్య మండే బుఖారీ పొయ్యి పక్కన బూట్లు పెడితే గంటలో పైకి ఆరినట్టే కనిపిస్తాయి. లోపల మాత్రం నష్టం జరిగిపోతుంది. తోలుకు బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. తడిసిన పచ్చి చర్మం 60 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ముడుచుకుపోతుంది. పదును పెట్టిన తోలు ఇంకొంత ఓర్చుకుంటుంది గానీ, తొందరపెట్టి ఆరబెడితే బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ప్లాస్టిక్ చిప్ప ఆకారం చెడుతుంది, జిగురు వదులవుతుంది. లోబూట్లలోని నురుగును అసలు వేడిచేసే కాలి ఆకారానికి మలుస్తారు. మళ్లీ అంత వేడి తగిలితే ఆ కొలత చెదిరిపోతుంది.

నిప్పు కంటే మేలైన పాత ఉపాయం ఒకటుంది. అది కాగితం. పాత పేపర్లు నలిపి బూట్లలో కూరడం మన ఇళ్లలోనూ చేసే పనే. కాగితంలోని సెల్యులోజ్‌కు నీటిని లాక్కునే గుణం ఉంది. వార్తాపత్రికల కాగితమైతే ఇంకా మేలు. రాతకాగితం మీద సిరా పాకకుండా ఉండటానికి పిండినీ రసాయనాలనూ పట్టిస్తారు కాబట్టి అది నీటిని అంత తొందరగా పీల్చదు. పేపరు తడవగానే తీసి కొత్తది పెట్టాలి. తడిసిన కాగితాన్ని తెల్లవార్లూ బూటులోనే వదిలేస్తే ఆ తడి ఎటూ పోదు.

తడి ఎటు పోవాలన్న ప్రశ్న మీదే ఉత్తర తెలంగాణలోని కాగితపు మిల్లు ఊరు కాగజ్‌నగర్ బతుకు నడుస్తోంది. కొత్తపేట అనే పల్లె దగ్గర 1938లో నిజాం హయాంలో నెలకొల్పిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చాక మళ్లీ తెరుచుకుంది. కాగితపు యంత్రం మీదికి వచ్చే గుజ్జులో 99 పాళ్లు నీరే. జల్లెడ మీద కొంత కారిపోతుంది, రోలర్ల మధ్య కొంత పిండుకుపోతుంది. అక్కడికీ సగానికి సగం తడి మిగులుతుంది. దాన్ని పిండి తీయలేరు, ఆవిరి చేసి పంపాల్సిందే. తొలినాళ్ల యంత్రాల కాగితాన్ని అటకల మీద తాళ్లకు వేలాడదీసి ఆరబెట్టేవారు. 1820లో ఇంగ్లండ్‌లో థామస్ బాన్సర్ క్రాంప్టన్, ఆవిరితో వేడెక్కే బోలు సిలిండర్ల మీదుగా కాగితాన్ని నడిపే పద్ధతికి పేటెంటు పొందాడు. కాగితాన్ని సిలిండరుకు అదిమి ఉంచడానికి పైన ఫెల్ట్ గుడ్డ పరిచాడు. నేటి మిల్లుల్లోని డ్రయర్లకు మూలం అదే.

ఆ డ్రయర్లు ఒక పాఠం నేర్పాయి. సిలిండర్లు ఎంత వేడిగా ఉన్నా, వాటి సందుల్లో చేరిన ఆవిరి కదలకుండా నిలిచిపోతే కాగితం ఆరడం మందగిస్తుంది. అందుకే ఆ సందుల్లోకి వేడి పొడిగాలిని ఊదుతారు, పైన హుడ్ కట్టి తడిగాలిని బయటికి లాగేస్తారు. వేడి నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరిని మోసుకుపోవడం గాలి పని. రెండింట్లో ఏది తగ్గినా పని కుంటుతుంది.

తడిబట్టల విషయంలో ఈ సంగతి గని కార్మికుల కోసం పనిచేసినవాళ్లకూ తెలుసు. 1920ల నుంచి బ్రిటన్ బొగ్గుగనుల ముఖద్వారాల దగ్గర కట్టిన స్నానశాలల్లో, పనిబట్టలు పెట్టుకునే బీరువాల గుండా వేడిగాలి నడిపేవారు. షిఫ్టు దిగినవాడి తడిబట్టలు మర్నాటికి పొడిగా సిద్ధమయ్యేవి. బూట్లు తుడిచి గ్రీజు పట్టించే ఏర్పాటు కూడా అక్కడే ఉండేది.

ఇంట్లో పెట్టుకునే బూటు డ్రయర్ 1968లో అమెరికాలోని ఐడహో రాష్ట్రం, సెయింట్ మేరీస్ అనే కలప పట్నంలో పుట్టింది. పీట్ పేరుతో వచ్చిన ఆ పరికరంలో ఫ్యాను కూడా లేదు. అడుగున చిన్న హీటరు, దాని మీద నిలబెట్టిన రెండు గొట్టాలు, గొట్టాల మీద తలకిందులుగా బోర్లించిన బూట్లు. వెచ్చబడిన గాలి తేలికై గొట్టంలో పైకి లేచి బూటు మునివేళ్ల దాకా పోతుంది. అక్కడి తడిని తీసుకుని మడమ పక్కనుంచి బయటపడుతుంది. కరెంటు ఒక మామూలు బల్బుకయ్యేంతే. తెల్లారేసరికి బూట్లు ఆరిపోతాయి, తోలు చెడదు. తరవాత వచ్చిన రకాల్లో ఫ్యాన్లు చేరాయి. వేడి ఒక హద్దుకు రాగానే కరెంటును తానే తగ్గించుకునే సిరామిక్ హీటర్లూ చేరాయి. ఆల్ప్స్ హోటళ్లలో గోడ పొడవునా గొట్టాలు బిగించిన బూట్ల గదులు ఇప్పుడు మామూలు.

మంచుదేశాల కోసం పుట్టిన ఈ యంత్రం అవసరం అక్కడికంటే మన శ్రావణమాసంలోనే ఎక్కువ. లెక్క చూడండి. బయట మైనస్ 5 డిగ్రీలున్న గాలిలో ఘనపు మీటరుకు 3.5 గ్రాములకు మించి నీటి ఆవిరి పట్టదు. ఆ గాలి గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడితే 17 గ్రాముల దాకా మోయగలదు. అంటే మంచు ప్రాంతంలో వెచ్చటి గది దానంతటదే ఆరబెట్టే యంత్రం. కాగజ్‌నగర్‌లో ముసురు పట్టిన రోజు గాలి 27 డిగ్రీలుండి, తేమ 90 శాతం ఉందనుకుందాం. ఘనపు మీటరుకు ఇంకో రెండున్నర గ్రాములే పడుతుంది. తాడు మీద వేసిన బట్టలు మూడురోజులైనా ముక్కవాసన కొట్టేది ఇందుకే. అదే గాలిని 37 డిగ్రీలకు, అంటే కేవలం ఒంటి వేడికి తెస్తే చాలు, అదనంగా మోయగల తడి 20 గ్రాములకు, దాదాపు ఎనిమిది రెట్లకు పెరుగుతుంది. తోలుకూ జిగురుకూ ఏ హానీ చేయని వేడి అది.

బూటును చూసుకునే పద్ధతి కూడా మెల్లగా, గాలి ఆడేలా ఆరబెట్టాలన్న ఈ సూత్రాన్నిబట్టే ఏర్పడింది. విప్పగానే లోపలి అట్టను, లోబూటు ఉంటే దాన్ని, బయటికి తీయాలి. నాలుకను ముందుకు లాగి నోరు బాగా తెరవాలి. బురదను తడిగుడ్డతో తుడిచేయాలి. మునివేళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, ఎందుకంటే అన్నింటికంటే ఆలస్యంగా ఆరేది ఆ మూలే. పూర్తిగా ఆరిన తర్వాతే తోలుకు నూనెగానీ మైనంగానీ పట్టించాలి. తడి మీద పూస్తే లోపలి తేమ అక్కడే చిక్కుకుంటుంది. స్కీ బూట్లనైతే ఆరాక బకిళ్లు వదులుగా తగిలించి దాచాలి, లేకపోతే చిప్ప ఆకారం మారుతుంది.

వాడకుండా దాచిన బూట్లకు ఇంకో గండం ఉంది. బీరువాలో కొన్నేళ్లున్న బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేసేసరికి అడుగు పొడిపొడిగా రాలిపోవడం చాలామంది చూసే ఉంటారు. బూటు అడుగుల్లో వాడే పాలియురేథేన్ అనే పదార్థపు అణుగొలుసులను గాలిలోని తేమ ఏళ్ల తరబడి కాస్త కాస్తగా తెంపుతూ ఉంటుంది. అది బయటికి తెలియదు. పాత స్కీ బూట్ల చిప్పలు ఉన్నట్టుండి పగలడం వెనకా కొన్నిసార్లు ఇదే కారణం. ప్లాస్టిక్ సంచిలో తడితో సహా కట్టి దాస్తే ఈ క్షయం ఇంకా తొందరపడుతుంది.

ఉత్తర తెలంగాణకు మంచుకొండ బూటు పరాయిది కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. 2019లో అంటార్కిటికాలోని విన్సన్, 2022లో అలాస్కాలోని డెనాలి కూడా ఎక్కింది. అలాంటి చోట్ల డ్రయర్లుండవు. లోబూట్లను పడుకునే సంచిలో పెట్టుకుని ఒంటి వేడితో ఆరబెట్టుకోవడమే పర్వతారోహకుల పద్ధతి.

కాగజ్‌నగర్ చుట్టుపక్కల బూట్లు ఆరబెట్టుకునే వసతి కావలసినవాళ్లు చాలామంది. బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుబాయిల్లో తడిలో పనిచేసేవాళ్లున్నారు. వానలో నడిచొచ్చి అదే తడిబూటుతో రోజంతా క్లాసులో కూర్చునే గురుకులాల పిల్లలున్నారు. వేళ్ల సందుల్లో పాచి, దురద, పుండ్లు ఆ తడివల్ల వచ్చేవే. జత బూట్లలో 100 గ్రాముల నీరుందనుకుంటే దాన్ని ఆవిరి చేయడానికి కావలసిన శక్తి యూనిట్ కరెంటులో పదో వంతు కూడా కాదు. 40 వాట్ల డ్రయరు రాత్రి ఎనిమిది గంటలు నడిచినా మూడో వంతు యూనిట్‌కు మించదు. పెద్ద హాస్టలుకైతే వరసగా గొట్టాలు బిగించిన ఒక పెట్టె, ఒక చిన్న హీటరు, ఒక ఫ్యాను, తడిగాలి పోయే కిటికీ చాలు. స్థానిక వెల్డింగ్ షాపులో చేయించుకోగల పని ఇది. గని విశ్రాంతి గదుల్లో, గురుకులాల వరండాల్లో వచ్చే వానాకాలానికి ముందే ఇది రావాలి.