నీరు మింగిన ఇంజను: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ట్రాక్టర్ల రక్షణ - విస్తరణ కార్యకర్తల కర్తవ్యం

సారాంశం

వరద నీటిలోనో, వాగు దాటుతున్నప్పుడో, దమ్ము మడిలో దిగబడినప్పుడో ట్రాక్టరు ఇంజనులోకి నీరు ప్రవేశించడం వల్ల కలిగే నష్టం యొక్క స్వభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నీరు చేరిన ఇంజనుకు జరిగే పెద్ద నష్టంలో అధిక భాగం ఆ తరువాత ఇంజనును తిప్పే ప్రయత్నంలోనే సంభవిస్తుంది. కనుక మునిగిన యంత్రాన్ని స్టార్ట్ చేయరాదన్న ఒక్క సూచన సకాలంలో రైతుకు చేరితే ఇంజనును చాలావరకు కాపాడుకోవచ్చు. నీరు చేరే మార్గాలు, నష్టం జరిగే విధానం, ప్రథమ చికిత్స, ముందు జాగ్రత్తలు, సాగు పద్ధతులతో వీటికి గల సంబంధం ఇందులో చర్చించబడినవి.

ఉపోద్ఘాతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు చిరకాలం వర్షాభావానికి, వలసలకు పేరుపడిన పాలమూరు నేలలు. జూరాల ప్రాజెక్టు, ఆ తరువాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల ద్వారా కృష్ణా జలాలు అందడంతో ఇక్కడ వరి విస్తరించింది. జొన్న, ఆముదం, వేరుశనగ వంటి మెట్ట పైర్లకు అలవాటుపడిన చేలలో నేడు ట్రాక్టర్లు మోకాలి లోతు బురదలో తిరుగుతున్నాయి. మెట్ట దుక్కిలో ఇంజనుకు శత్రువు దుమ్ము. మాగాణిలో ఆ స్థానం నీటిది. యంత్రం మారలేదు, డ్రైవరు మారలేదు, ప్రమాదం మాత్రం మారింది.

దీనికి తోడు ఈ ప్రాంతానికి వరద కూడా కొత్త కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర నదులు ఏకకాలంలో పొంగినప్పుడు అలంపూర్ ప్రాంతం, రాజోలి గ్రామం నీట మునిగిన సంగతి విదితమే. 19 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించిన శ్రీశైలం జలాశయానికి నాడు సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అంతటి విపత్తు అరుదే అయినా, చెరువు అలుగు పారినప్పుడు దారి మునగడం, దుందుభి వంటి వాగులు ఒక్క రాత్రిలో పొంగడం తరచూ చూస్తున్నదే.

ఇది వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగానికి చెందిన విషయం కదా, సేద్య శాస్త్రవేత్తకు ఇందులో ఏమి పని అన్న ప్రశ్న సహజం. స్వల్పకాలిక వరి రకాల నారును 21-25 రోజుల వయసులో నాటవలసి ఉంటుంది. ఊరిలో అద్దెకు దొరికే ట్రాక్టర్లలో ఒకటి షెడ్డుకు చేరితే, దానికోసం వేచి ఉన్న మడులన్నింటిలో నారు ముదురుతుంది, పిలకలు తగ్గుతాయి. ఇంజను నష్టం ఒక యజమానిది. ఆలస్యం వల్ల కలిగే దిగుబడి నష్టం పలువురు రైతులది.

నష్టం జరిగే విధానం

గాలిని పిండవచ్చు, నీటిని పిండలేము. ఇంజను నష్టానికంతటికీ మూలం ఈ భౌతిక ధర్మమే. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని బలంగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అందుకే ఈ ఇంజన్లలో సంపీడన నిష్పత్తి పెట్రోలు ఇంజన్ల కంటే చాలా ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. మూడు సిలిండర్లు, 2,500 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల ట్రాక్టరును తీసుకుంటే ఒక్కొక్క సిలిండరు వంతు సుమారు 833 ఘన సెం.మీ. సంపీడన నిష్పత్తి 17 అనుకుంటే, పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ సుమారు 52 ఘన సెం.మీ. మాత్రమే. చిన్న టీ గ్లాసులో సగం నీరు ఆ ఖాళీని పూర్తిగా నింపుతుంది. అంతకు మించి నీరు చేరితే పిస్టన్ పైకి వెళ్ళడానికి చోటు ఉండదు. అందులో సగం, అనగా 26 ఘన సెం.మీ. నీరు చేరినా, మిగిలిన గాలి మీద సంపీడన నిష్పత్తి 17 నుండి 33కు పెరుగుతుంది. ఇంజను భాగాలు అటువంటి ఒత్తిడికి రూపొందించినవి కావు.

అదే ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు సుమారు 2,500 లీటర్ల గాలిని పీల్చుతుంది. ఒక్కొక్క సిలిండరు సెకనుకు దాదాపు 17 సార్లు గుటక వేస్తుంది. గాలి తీసుకునే నోరు క్షణకాలం నీటిలో మునిగితే టీ గ్లాసు నీరు లోపలికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. తిరుగుతున్న ఫ్లైవీలు ఆగదు, నీరు అణగదు. వీటి నడుమ చిక్కుకున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొన్నిసార్లు విరిగి ఇంజను బ్లాకును చీల్చుకొని బయటికి వస్తుంది.

ఒక్కొక్కప్పుడు రాడ్ కొద్దిగా మాత్రమే వంగుతుంది. నీరు తీసివేశాక ఇంజను స్టార్ట్ అవుతుంది, రైతు ఊపిరి పీల్చుకుంటాడు. అయితే ఆ సిలిండరులో సంపీడనం తగ్గి, స్టార్టింగు కష్టమై, కొత్త అదురు మొదలవుతుంది. కొన్ని రోజులకో, వారాలకో బరువు పనిలో రాడ్ విరుగుతుంది. అప్పటికి వరద సంగతి మరచిపోయి ఉంటారు. కారణం ఆయిల్ మీదకో, మెకానిక్ మీదకో పోతుంది.

నీరు చేరే మార్గాలు

మొదటిది ఎయిర్ క్లీనర్. కొన్ని ట్రాక్టర్లలో గాలి తీసుకునే గిన్నె బానెట్ పైకి ఉంటుంది, మరికొన్నింటిలో బానెట్ లోపలే ఉంటుంది. పవర్ టిల్లర్లలో ఇంజనే నేలకు దగ్గరగా ఉంటుంది. ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనర్లో నీరు చేరితే, నీరు బరువైనది కనుక అడుగుకు దిగి ఆయిల్‌ను పైకి నెడుతుంది. ఆ ఆయిల్ కూడా ఇంజనులోకి పోయే ప్రమాదం ఉంది. కాగితపు ఫిల్టరు తడిస్తే బలం కోల్పోయి చిరుగుతుంది.

రెండవది రేడియేటర్ ఫ్యాను. నీటిమట్టం ఫ్యాను రెక్కల కింది అంచును తాకినంతనే అది నీటిని బానెట్ అంతటా చిమ్ముతుంది. అంటే గాలి నోరు మునగకపోయినా నీరు దాని దాకా చేరగలదు.

మూడవది నిలువు సైలెన్సరు. మూత లేని సైలెన్సరులోకి రాత్రంతా కురిసిన వాన దిగి, తెరచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు ద్వారా సిలిండరులోకి చేరవచ్చు. వరద లేకుండా, వాకిట నిలిపిన ట్రాక్టరు కూడా ఈ విధంగా చెడవచ్చు. సైలెన్సరు మీద డబ్బా బోర్లించే పాత అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

నాలుగవది బ్రీదర్ గొట్టాలు, సీళ్ళు, డీజిల్ ట్యాంకు మూత. పనిచేసి వేడెక్కిన గేర్ పెట్టె, ఇరుసు పెట్టె చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లోటును పూరించడానికి బ్రీదర్ల ద్వారా, అరిగిన సీళ్ళ ద్వారా నీరు లోనికి లాగబడుతుంది. ఆయిల్ పాలు కలిపిన చాయ రంగుకు మారితే నీరు కలిసినట్టు గ్రహించాలి. అట్టి ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

ప్రథమ చికిత్స

నీటిలో ఆగిపోయిన ట్రాక్టరు విషయంలో రైతుకు చెప్పవలసిన మొదటి మాట: స్టార్ట్ చేయవద్దు. సెల్ఫ్ కొట్టవద్దు. అన్నింటికన్నా ముఖ్యంగా, మరో ట్రాక్టరుకు తాడు కట్టి, గేరులో ఉంచి లాగి స్టార్ట్ చేసే ప్రయత్నం చేయవద్దు. స్టార్టర్ మోటారు నీరు అడ్డుపడితే ఆగిపోయే అవకాశమైనా ఉంది. లాగే ట్రాక్టరు బలం ఆగదు, రాడ్ వంగే వరకు తోస్తుంది. మన గ్రామాల్లో సాయం పేరిట జరిగే అతి పెద్ద హాని ఇదే.

తరువాతి క్రమం ఇలా ఉండాలి.

1. బ్యాటరీ నెగెటివ్ తీగను విడదీయాలి. గేరును న్యూట్రల్‌లో ఉంచి, అది న్యూట్రల్‌లోనే ఉన్నదని నిర్ధారించుకొని, మెరక మీదికి లాగాలి.

2. నీరు ఎంత ఎత్తు వరకు వచ్చిందో ట్రాక్టరు మీది బురద చార ఆధారంగా గుర్తించి ఫోటోలు తీయాలి. బీమా ఉంటే విప్పక ముందే సంస్థకు తెలియజేయాలి. మునిగిన తరువాత స్టార్ట్ చేసినందువల్ల కలిగిన నష్టాన్ని బీమా సంస్థలు అంగీకరించని సందర్భాలు ఉంటాయి. కనుక పాలసీ షరతులను తొలకరికి ముందే చదువుకోవడం మంచిది.

3. ఎయిర్ క్లీనర్ నుండి ఇంజనుకు పోయే గొట్టాన్ని విప్పి లోపల తడి ఉన్నదేమో చూడాలి. పూర్తిగా పొడిగా ఉంటే ఈ మార్గాన నీరు పోలేదని భావించవచ్చు. అయినప్పటికీ సైలెన్సరును, ఆయిల్‌ను పరీక్షించకుండా స్టార్ట్ చేయరాదు.

4. తడి ఉంటే మెకానిక్ చేత ఇంజెక్టర్లు తీయించి, ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పించాలి. సిలిండర్లలోని నీరు ఆ రంధ్రాల గుండా బయటికి వస్తుంది. ఆ సమయంలో ఎవరూ వాటి మీదికి వంగి చూడరాదు.

5. సంప్ ప్లగ్గును నిదానంగా వదులు చేయాలి. అడుగున ఉన్న నీరు ముందుగా, ఆయిల్ తరువాత వస్తాయి. కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి, కొద్ది నిమిషాలు నడిపి, మళ్ళీ మార్చాలి. పాల రంగు పూర్తిగా పోయేంత వరకు ఈ పని జరగాలి.

6. డీజిల్ ట్యాంకును, ఫిల్టరు గిన్నెను ఖాళీ చేసి, పైపుల్లోని గాలి తీయాలి. నీరు కలిసిన డీజిల్ ఫ్యూయెల్ పంపును, ఇంజెక్టర్లను తుప్పు పట్టిస్తుంది. గేర్, హైడ్రాలిక్, ఇరుసు ఆయిళ్ళను కూడా పరీక్షించాలి.

7. చివరగా ప్రతి సిలిండరులో సంపీడనాన్ని, పిస్టన్ పైకి వచ్చే ఎత్తును కొలిపించాలి. ఒకటి మిగిలిన వాటి కంటే కిందనే ఆగితే రాడ్ వంగినట్టే.

మెకానిక్ రావడం ఆలస్యమైతే ఇంజెక్టర్లు తీసి, నీరు వెళ్ళగొట్టి, సిలిండర్లలో కొద్దిగా శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోయించాలి. తడిసిన సిలిండరు గోడలకు తుప్పు పట్టడం త్వరగానే మొదలవుతుంది. వరద నీటితో వచ్చే సన్నని ఒండ్రు బేరింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి ఆరిన తరువాత చూద్దాం అన్న ధోరణి తగదు.

ముందు జాగ్రత్తలు

ప్రతి ట్రాక్టరుకు మూడు ఎత్తులు కొలవాలి: నేల నుండి గాలి నోటికి, ఫ్యాను రెక్కల కింది అంచుకు, అన్నిటికన్నా దిగువన ఉన్న బ్రీదరుకు. వీటిలో తక్కువైనదే ఆ ట్రాక్టరు హద్దు. ఆ ఎత్తున ముందు, వెనుక చక్రాల మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టిస్తే డ్రైవరుకు కొలబద్ద అక్కడే ఉంటుంది. నిలకడ నీటిలో సైతం వేగంగా పోతే ముందు భాగాన అల లేస్తుంది కనుక హద్దుకు బాగా దిగువనే ఆగాలి. పారే నీటిలో ఈ కొలత కూడా చాలదు. కాజ్‌వే కోతకు గురైనదీ లేనిదీ పైకి కనిపించదు. అటువంటి చోట దాటకపోవడమే నియమం.

గాలి గొట్టాన్ని పైకి పొడిగించే స్నార్కెల్ అమరిక గురించి విద్యార్థులు తరచూ అడుగుతారు. 1944లో నార్మండీ తీరంలో దిగిన జీపులకు, ట్రక్కులకు ఇటువంటి అమరికలు చేశారు. అయితే గాలి గొట్టంతో పాటు విద్యుత్ భాగాలకు, బ్రీదర్లకు కూడా నీరు సోకకుండా బందోబస్తు చేశారు. గొట్టం ఒక్కటే ఎత్తు చేసి, మిగిలినవి వదిలేస్తే గేర్ పెట్టెకు నీరు తప్పదు. డ్రైవరుకు మాత్రం లేని ధైర్యం వస్తుంది.

నది ఒడ్డున ఉండే ఆయిల్ ఇంజను పంపుసెట్లను గుంతల్లో కాక ఎత్తైన దిమ్మెల మీద అమర్చాలి. వాటిని త్వరగా విప్పి తరలించే వీలు ఉండాలి. జూరాల గేట్లు ఎత్తుతున్నారన్న హెచ్చరిక దిగువ గ్రామాలకు అందినప్పుడు పశువులతో పాటు యంత్రాలను కూడా మెరకకు చేర్చమని చెప్పడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

సాగు పద్ధతుల పాత్ర

ఇంజనులోకి నీరు చేరడానికి కారణం అనేక సందర్భాల్లో మడి తయారీలోనే ఉంటుంది. దమ్ముకు 5-7 సెం.మీ. నీరు, 10-15 సెం.మీ. లోతు సరిపోతాయి. అంతకు మించి నీరు నిలిపి, ఏటా లోతుగా దమ్ము చేస్తూ పోతే చక్రాలను మోసే గట్టి పొర చెదిరి ట్రాక్టరు దిగబడుతుంది. దిగబడిన ట్రాక్టరులో ఫ్యాను నీటికి దగ్గరవుతుంది. డ్రైవరు బయటపడే తొందరలో ఇంజను వేగం పెంచుతాడు. పైన చెప్పిన ప్రమాదానికి కావలసిన పరిస్థితులన్నీ అక్కడ సమకూరుతాయి.

నడిగడ్డలోని నల్లరేగడి నేలల్లో పదును వచ్చే వరకు ఆగడం, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఎర్ర చెల్కల్లో మడులను చదును చేసి మురుగు కాల్వలు తీయడం, అనువైన చోట పొడి దుక్కిలో వరి నేరుగా వెదజల్లడం - ఇవన్నీ నీటిని, ఖర్చును తగ్గిస్తూనే యంత్రాన్ని కూడా కాపాడే పద్ధతులు. సేద్య శాస్త్రం, యంత్ర సంరక్షణ ఇక్కడ ఒకే సిఫారసులో కలుస్తున్నాయి.

ముగింపు

విత్తన శుద్ధి, ఎరువుల మోతాదు గురించి మన శిక్షణల్లో విస్తారంగా బోధిస్తాము. రైతు పెట్టుబడిలో పెద్ద భాగమైన ట్రాక్టరు నీట మునిగితే ఏమి చేయాలో మాత్రం తరచుగా వదిలేస్తాము. తొలకరికి ముందు జరిగే రైతు సదస్సుల్లో, కిరాయికి నడిపే డ్రైవర్లను కూడా పిలిచి, ఒక అరగంట దీనికి కేటాయించాలి. టీ గ్లాసులో సగం నీరు పోసి చూపించి, ఇంత నీరు చేరితే చాలునని చెబితే ఆ పాఠం గుర్తుండిపోతుంది. యంత్రం మునిగిన రోజున రైతుకు మనం అందుబాటులో ఉండకపోవచ్చు. తాళం చెవి తిప్పబోయే చేతిని ఆ గ్లాసు జ్ఞాపకమే ఆపాలి.