స్లాబు వేరు, బండలు వేరు

తమ్ముళ్లారా! మన భీమ్‌గల్‌లో ఇల్లు కట్టేటప్పుడు ముందు స్లాబు పోస్తారు. చాలా రోజుల తర్వాత వేరే పనివాళ్లు వచ్చి మాలు పరిచి, తాండూరు బండలో టైల్సో వేస్తారు. ఇవి రెండు పనులని మనందరికీ తెలుసు. కాని కంప్యూటర్‌లో ఇల్లు గీసేటప్పుడు చాలామంది రెండింటినీ కలిపేస్తారు. డిప్లొమాలో నేనూ అదే తప్పు చేశాను.

రెవిట్, ఆర్కికాడ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉత్త గీతలు గీయవు. స్లాబు మందం, అందులోని పొరలు గుర్తుంచుకొని కాంక్రీటు ఎంతో లెక్క కూడా చెబుతాయి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి 5 అంగుళాల స్లాబంటే 50 ఘనపుటడుగుల కాంక్రీటు. మాలు, బండ కలిసి 2 అంగుళాలు. మొత్తం 7 అంగుళాలూ కాంక్రీటుగా గీస్తే లెక్క 70 అవుతుంది. 20 ఘనపుటడుగులు అదనం!

పొరలు విడదీసినా ఒకే ముక్కగా గీస్తే చిక్కే. స్లాబు గోడల మీదుగా బయటి అంచు దాకా పోతుంది. బండలు గది లోపలే ఆగుతాయి. కలిపి గీస్తే గోడల కింద కూడా బండలు లెక్కకు వస్తాయి.

అందుకే ఇలా చేయాలి:

1. బండల పైభాగాన్ని అంతస్తు మట్టంగా పెట్టుకోవాలి. స్లాబును దానికి 2 అంగుళాల కిందికి దించాలి.

2. ప్రతి గదికీ మాలు, బండలు విడిగా గీయాలి.

3. స్నానాలగదిలో స్లాబును ఇంకా కిందికి దించాలి. నీళ్లు పోయే మూల వైపు వాలు ఇవ్వాలి. రెవిట్‌లో మాలు పొర మందం మారేలా పెడితే అడుగు సమంగా ఉండి, పైభాగం మాత్రమే వాలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మెట్లు. స్లాబు నుండి స్లాబుకు 6 అంగుళాల మెట్లు గీశామనుకోండి. పైన, కింద నేల మీద 2 అంగుళాలు, మెట్ల మీద 1 అంగుళం బండ పడితే మొదటి మెట్టు 5, చివరి మెట్టు 7 అంగుళాలవుతుంది. పసుపు బస్తా మోసుకుంటూ ఎక్కే మన నాన్న కాలు ఆ చివరి మెట్టుకే తగులుతుంది.

నమ్మకం లేకపోతే స్కేలు తీసుకుని మన హాస్టల్ మెట్లు కొలిచి చూడండి. మీ మొదటి పాఠం అదే!