యయాతి పుత్రిక మాధవి

తండ్రి వాత్సల్యాన్ని, తండ్రి ఔన్నత్యాన్ని కీర్తించిన ఘట్టాలు మన కావ్యాలలో అనేకం ఉన్నాయి. తప్పు చేసిన తండ్రి ఎదుట నిలిచిన కూతురి మనస్సును చూపిన ఘట్టాలు మాత్రం అరుదు. వ్యాస భారతంలోని ఉద్యోగపర్వంలో వచ్చే గాలవుని కథ అటువంటి వాటిలో ఒకటి. ఇందులో తండ్రి యయాతి చక్రవర్తి, కూతురు మాధవి. దానశీలుడని లోకం కొనియాడిన ఆ రాజు, అర్థిని రిక్తహస్తాలతో పంపలేక కన్నకూతురినే ఇచ్చివేశాడు. ఆమె ఆ తండ్రిని ద్వేషించిందా? క్షమించిందా? కవి ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పలేదు. మాధవి చేసిన పనులలోనే ఆ సమాధానాన్ని వెదకాలి.

యయాతి పేరు వినగానే దేవయాని, శర్మిష్ఠల కథ గుర్తుకు వస్తుంది. శుక్రాచార్యుని శాపంవల్ల ముసలితనం పొంది, చిన్నకొడుకు పూరుని యౌవనాన్ని పుచ్చుకొన్న రాజు ఆయనే. నన్నయ ఆదిపర్వంలో ఆ వృత్తాంతం ఉన్నది. తన యౌవనాన్ని ఇచ్చిన పూరునికి తండ్రి రాజ్యం కట్టబెట్టాడు. తన జీవితాన్నే ఇచ్చిన కూతురికి ఏమి దక్కిందో ఉద్యోగపర్వం తెలుపుతుంది.

శ్రీకృష్ణుడు రాయబారానికి వచ్చినప్పుడు కురుసభలో నారదుడు దుర్యోధనునికి ఈ కథ చెప్పాడు. గాలవుడు విశ్వామిత్రుని శిష్యుడు. గురువు వద్దన్నా వినక, దక్షిణ ఏమి కావాలో చెప్పమని పదే పదే అడిగాడు. విసిగిన విశ్వామిత్రుడు, చంద్రునివలె తెల్లనై ఒక చెవి మాత్రం నల్లగా ఉండే 800 గుర్రాలను తెమ్మన్నాడు. దిక్కుతోచని గాలవుని మిత్రుడైన గరుత్మంతుడు యయాతి వద్దకు తీసుకొనిపోయాడు. అప్పటికి యయాతి సంపద తరిగిపోయింది. అయినా, ఆశతో వచ్చినవాడు నిరాశతో వెళ్తే వంశానికే కీడని ఆయన భావించాడు. మాధవిని గాలవునికి అప్పగించి, ఈమెకు శుల్కంగా రాజులు రాజ్యమైనా ఇస్తారని, గుర్రాలు ఒక లెక్క కాదని పలికాడు. తనకు మాత్రం దౌహిత్రులు కలిగితే చాలునన్నాడు. ఆ మాటలలో కూతురి రూపగుణాల ప్రశంస ఉన్నది. ఆమె ఇష్టాన్ని అడిగిన మాట మాత్రం లేదు.

గాలవుడు మాధవిని మొదట అయోధ్యాపతి హర్యశ్వుని వద్దకు తీసుకొనిపోయాడు. ఆయన వద్ద అటువంటి గుర్రాలు 200 మాత్రమే ఉన్నాయి. వాటికి బదులుగా ఆమెయందు ఒక్క కుమారుని పొందుతానన్నాడు. గాలవుడు తటపటాయిస్తుండగా మాధవియే ఉపాయం చెప్పింది. ప్రసవించిన ప్రతిసారీ తిరిగి కన్యగా మారే వరం తనకు ఉన్నదని, నలుగురు రాజులవల్ల 800 గుర్రాలు సమకూరుతాయని, తనకూ నలుగురు కుమారులు కలుగుతారని తెలిపింది. తండ్రి చేసిన దానాన్ని నెరవేర్చే బాధ్యత కూతురిమీదనే పడిందని ఈ మాటలవల్ల తెలుస్తుంది.

హర్యశ్వునివల్ల వసుమనసుడు, కాశీరాజు దివోదాసువల్ల ప్రతర్దనుడు, భోజనగరాధీశుడు ఉశీనరునివల్ల శిబి జన్మించారు. ప్రతిసారీ బిడ్డను తండ్రివద్ద వదిలి మాధవి ముందుకు సాగవలసి వచ్చింది. కాశికి వెళ్ళేటప్పుడు గాలవుడు ఆమెను మెల్లగా రమ్మని, దుఃఖించవద్దని ఓదార్చుతాడు. ఆమె దుఃఖిస్తున్నదని కవి విడిగా చెప్పడు. ఆ ఓదార్పువల్లనే మనకు తెలుస్తుంది. మూడవ రాజు తరువాత అటువంటి గుర్రాలు మరెక్కడా లేవని తేలింది. గాలవుడు 600 గుర్రాలను, మిగిలిన 200 గుర్రాలకు బదులుగా మాధవిని విశ్వామిత్రునికే సమర్పించాడు. అక్కడ అష్టకుడు పుట్టాడు. దక్షిణ తీరింది. గాలవుడు మాధవిని తండ్రి ఇంట దించి అడవికి వెళ్ళిపోయాడు.

అప్పుడు యయాతి ఆమెకు స్వయంవరం చాటించాడు. గంగా యమునా సంగమానికి రాజులెందరో వచ్చారు. అన్నలు పూరుడు, యదువు ఆమెను రథంపై వెంటబెట్టుకొని వచ్చారు. మాధవి ఏ రాజునూ వరించలేదు. వనాన్నే వరునిగా ఎన్నుకొన్నది. రథం దిగి, బంధువులకు నమస్కరించి, అడవిలోకి వెళ్ళిపోయింది. లేత గడ్డిపరకలు మేస్తూ, సెలయేటి నీరు త్రాగుతూ, లేళ్ళ మందలో లేడివలె తిరుగుతూ తపస్సు చేసింది. తండ్రి మొదటిసారి ఆమెకు ఎన్నుకొనే హక్కును ఇచ్చినప్పుడు ఆమె ఎన్నుకొన్నది ఇది. ఇందులో నింద లేదు, శాపం లేదు. కాని తండ్రి చూపిన జీవితం తనకు అక్కరలేదన్న నిర్ణయం స్పష్టంగా ఉన్నది. అదే సమయంలో చేతులు జోడించి వెళ్ళడం మరచిపోలేదు. నిరాకరణ, గౌరవం రెండూ ఒక్క క్షణంలోనే కనిపిస్తాయి.

కాలక్రమంలో యయాతి మరణించి స్వర్గానికి చేరాడు. అక్కడ చాలాకాలం సుఖించి, గర్వంతో దేవతలను, ఋషులను, మానవులను చిన్నచూపు చూశాడు. ఆయన తేజస్సు నశించింది. స్వర్గంలో ఆయనను గుర్తించేవారే లేకపోయారు. క్రింద పడిపోతూ సజ్జనుల మధ్య పడాలని కోరుకొన్నాడు. నైమిశారణ్యంలో నలుగురు రాజులు వాజపేయ యాగం చేస్తున్నారు. ఆ యజ్ఞధూమం వెంబడి యయాతి వారి నడుమ పడ్డాడు. వారు ఆయన దౌహిత్రులే. ఆయన వారిని ఎరుగడు, వారు ఆయనను ఎరుగరు. తమ పుణ్యఫలాన్ని స్వీకరించమని వారు కోరగా, క్షత్రియుడనైన తాను దానం పట్టరాదని యయాతి నిరాకరించాడు.

అంతలో లేడివలె అడవిలో సంచరించే మాధవి అక్కడికి వచ్చింది. తండ్రికి నమస్కరించి, ఈ నలుగురూ ఆయన దౌహిత్రులేనని, పరాయివారు కారని తెలిపింది. తాను కూడబెట్టిన ధర్మంలో సగం గ్రహించమని ప్రార్థించింది. మనుష్యులు సంతానంవల్ల కలిగే ఫలాన్ని అనుభవిస్తారని, కనుకనే ఆయనవలె దౌహిత్రులను కోరుకొంటారని గుర్తు చేసింది. కూతురిని గాలవునికి అప్పగించిన నాడు యయాతి పలికిన మాట ఇదే. మాధవి దానిని మరచిపోలేదు. నిష్ఠురంగానూ వాడలేదు. తండ్రి ఏ కోరికతో తనను ఇచ్చాడో, ఆ కోరికనే ఆయన ఉద్ధరణకు కారణంగా చూపింది. వసుమనసుడు దానఫలాన్ని, ప్రతర్దనుడు వీరధర్మఫలాన్ని, శిబి సత్యఫలాన్ని, అష్టకుడు యజ్ఞఫలాన్ని ధారపోయగా యయాతి తిరిగి స్వర్గానికి చేరాడు.

నారదుడు ఈ కథ చెప్పింది మొండిపట్టు, గర్వం తగవని దుర్యోధనునికి బోధించడానికి. గాలవుని మొండిపట్టు, యయాతి గర్వం అందుకు ఉదాహరణలు. మాధవి అనుభవించిన కష్టం ఆ నీతిలో చేరలేదు. అయినా కథ ముగిసిన తరువాత పాఠకుని మనస్సులో నిలిచేది ఆమెయే. దానం పేరిట తనకు జరిగిన అన్యాయాన్ని ఆమె న్యాయమని అంగీకరించలేదు. అంగీకరించి ఉంటే స్వయంవర మండపంనుండి అడవికి వెళ్ళేది కాదు. తండ్రి పతనాన్ని చూసి సంతోషించనూ లేదు. అటువంటి మనస్సే అయితే తపఃఫలంలో సగమిచ్చేది కాదు. తండ్రి ఇచ్చే బ్రతుకును వద్దన్నది, తండ్రిని వద్దనలేదు.

క్షమించడమంటే తప్పును ఒప్పుగా తలచడం కాదని మాధవి చరిత్ర తెలియజేస్తుంది. కన్నవారిలోని దోషాన్ని దోషంగా గుర్తిస్తూనే వారి ఆపదలో చేయూతనివ్వడం సాధ్యమేనని ఆమె నిరూపించింది. యయాతి తనది కాని కూతురి జీవితాన్ని దానం చేసి దాతగా పేరు పొందాడు. మాధవి తాను స్వయంగా ఆర్జించినదానినే ఇచ్చింది. నిజమైన దానం ఎవరిదో ఆలోచించుకొనే పనిని కవి పాఠకులకే వదిలివేశాడు.