బకెట్‌లో హీటరా? గోడకి గీజరా?

పటమటలో మాది అద్దె పోర్షన్. వేసవిలో ట్యాంకు నీళ్లే కాగిపోయి వస్తాయి కాబట్టి ఇన్నాళ్లూ గీజర్ ఊసే రాలేదు. చలికాలం రెండు నెలలూ బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టుకుని గడిపేశాం.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే, స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టి చూడబోయింది. నేను గట్టిగా అరిచాను. "ఏరా, కాగాయో లేదో చూడొద్దా?" అంది. ఆ రోజే గీజర్ కొనాలని డిసైడయ్యా.

ముందు లెక్క వేశా. 20 లీటర్ల బకెట్, ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు, స్నానానికి 40 కావాలి. ఏ కాయిల్‌తో కాచినా దాదాపు 0.4 యూనిట్ ఖర్చవుతుంది. అంటే "ఇది కరెంటు తక్కువ తాగుతుంది" అని షాపులో చెప్పేదాంట్లో సగం మాటలే. తేడా అంతా టైములో, నిల్వ ఉన్నప్పుడు పోయే వేడిలో, సేఫ్టీలో.

1500 వాట్ల రాడ్‌కి పావుగంట పడుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఏడెనిమిది నిమిషాల్లో బకెట్ నింపుతుంది, కానీ ధార సన్నగా వస్తుంది. 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ 2 కిలోవాట్లతో 60 డిగ్రీలకి రావడానికి ఇరవై నిమిషాలు. చన్నీళ్లు కలిపితే ఒకటిన్నర బకెట్ పైనే వస్తాయి. రోజంతా ఆన్‌లో వదిలేస్తే మాత్రం దండగే. దాని మీద ఉండే స్టార్లు చెప్పేది అదే: నీళ్లు వాడకుండా ఉంచితే ఎంత వేడి పోతుందో.

హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లాగి, మూడో వంతు కరెంటుతోనే పని కానిస్తుంది. కానీ ధర బాగా ఎక్కువ. మన రెండు నెలల చలికి అది ఎప్పటికి తీరాలి? సోలార్ పెడదామంటే డాబా మనది కాదు.

నాయనమ్మకి రెండు పూటలా వేడినీళ్లు కావాలి, బకెట్లు మోయకూడదు. అందుకే స్టోరేజ్ అనుకున్నాం.

అసలు కథ బిగించే రోజు మొదలైంది. ఎలక్ట్రీషియన్ అన్న బల్బు హోల్డర్ తెచ్చి ఫేజ్‌కీ, ఎర్త్‌కీ మధ్య పెట్టాడు. బల్బు వెలగలేదు. బాత్‌రూమ్ సాకెట్ మూడో కన్నానికి వెనకాల వైరే లేదు! పైగా అది 6 ఆంప్స్ సాకెట్. మా రాడ్ ఒక్కటే ఆరున్నర ఆంప్స్ లాగుతుంది. ఇన్నేళ్లూ మేం స్నానం చేసింది ఆ ధైర్యంతోనా!

ఓనర్ అంకుల్‌కి చూపించా. మొదట "మీ గీజర్‌కి నేనెందుకు ఖర్చు పెట్టాలి బాబూ?" అన్నారు. "గీజర్ మాదే అంకుల్, వెళ్లేటప్పుడు తీసుకుపోతాం. ఎర్త్ మీ ఇంటికే ఉంటుంది" అన్నాను. కాసేపాగి సరేనన్నారు. ఎర్త్ వైరు, 16 ఆంప్స్ సాకెట్, కరెంటు లీకైతే వెంటనే ట్రిప్ అయ్యే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పడ్డాక గీజర్ గోడెక్కింది.

మీరూ గీజర్ మోడల్ వెతికే ముందు ఆ మూడో కన్నం చెక్ చేయించండి. రాడ్ తప్పదంటే ప్లాస్టిక్ బకెట్ వాడండి, స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి.

నాయనమ్మ ఇప్పటికీ వేలు పెట్టే చూస్తుంది. ఇప్పుడు నేను అరవట్లేదు.