పొలంలో రంగురాయి దొరికితే



దుక్కి దున్నేటప్పుడో, బావి లోతు చేసేటప్పుడో మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు రంగురాయి కనిపించే వుంటుంది. ఆ రాయి పిల్లల చేతికి వస్తే ఆడుకొని పారేస్తారు, గొడవ లేదు. పెద్దవాళ్ళ చేతికి వస్తేనే చిక్కు మొదలవుతుంది. ఇరుగుపొరుగు వారు తలా ఒక మాట అంటారు. ఒకరు కెంపు అంటే ఇంకొకరు వజ్రం అంటారు. మూడోనాటికి మధ్యవర్తి ఒకడు ఇంటికి వస్తాడు.

ఒక వేసవిలో వికారాబాదు వైపు నుంచి ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. బావి పూడిక తీసి, మరి రెండు గజాలు లోతు చేయిస్తుంటే నల్లరాతిలో కొబ్బరికాయంత గుండు దొరికింది. పగులగొడితే లోపలంతా బోలు. ఆ బోలు చుట్టూ నేరేడుపండు రంగులో మొనలు తేలిన స్ఫటికాలు! “సార్, ఇవి కెంపులంటున్నరు. బావి సుట్టు రెండెకరాలు కాగితం మీద రాసియ్యుమని ఒకాయన అడ్వాన్సు పట్టుకొని తిరుగుతున్నడు” అన్నారు. సంతకం చేయడానికి ఇంకా మూడు రోజులే వున్నది. బావి పని అప్పటికే ఆపించారు. వానలు వస్తే ఆ యేడు ఆ పని మరి కాదు గదా!

మరునాడు ఇద్దరం హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళాము. చార్మినారు దగ్గర పత్తర్‌గట్టీలో ముత్యాలు, ఉంగరాలలో పొదిగే రాళ్ళు అమ్మే దుకాణాలు వరుసగా వున్నాయి. అక్కడ ఒక ముసలి వర్తకుడు భూతద్దం కంటికి ఆనించి చూచి, “ఇది కటేలా. యాకూత్ కాదు” అన్నాడు. యాకూత్ అంటే కెంపు. కటేలా అంటే ఇంగ్లీషులో అమెథిస్ట్ అని పిలిచే ఊదారంగు పలుగురాయి. ఉంగరానికి పనికివచ్చేంత నిర్మలంగా వున్నవి రెండు మూడు మొనలే వున్నాయనీ, వాటికి వందల్లోనే ధర పలుకుతుందనీ చెప్పాడు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఒక్కరి మాటే నమ్మనక్కరలేదు, మనమే పరీక్ష చేద్దామని ఆయనను నా ఆఫీసుకు తీసికొనివచ్చాను. ఆ పరీక్షలు మీరూ ఇంటి దగ్గర చేసుకోవచ్చును.

రాయిని చూడగానే రంగు అడగకండి, ఊరు అడగండి. ఏ నేలలో ఏ రాయి వుంటుందో చాలావరకు ముందే చెప్పవచ్చును. హైదరాబాదు చుట్టూ వున్నది సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు. అందులో గులాబిరంగుగా కనబడేది ఫెల్‌స్పార్, తెల్లగా గాజులా వుండేది పలుగు, పగుళ్ళ వెంట చిలకపచ్చగా కనబడేది చాలాసార్లు ఎపిడోట్. ఆ పచ్చ చూచి మరకతం అనుకొనేవారు వున్నారు. వికారాబాదు వైపు పోతే నేల మారుతుంది. సుమారు 6.6 కోట్ల యేండ్ల క్రితం పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా ఆ నల్లరాయి. లావా చల్లారేటప్పుడు లోపలి ఆవిరి బుడగలు బోలుగా మిగిలిపోయాయి. తరువాత వాటిలోకి ఇసుక సత్తువ కరిగిన నీరు ఊరి, యేండ్ల తరబడి స్ఫటికాలు కట్టాయి. రవ్వంత ఇనుము, రాళ్ళలో సహజంగా వుండే రేడియో ధార్మికత కలిసి వాటికి ఊదారంగు తెచ్చాయి. మన పెద్దాయన గుండు కథ అదే. ఖమ్మం వైపైతే వేరు సంగతి. అక్కడ కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో గార్నెట్ అనే ఎర్రరాయి విస్తారంగా వున్నది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాలలో దొరికిన గార్నెట్లు అక్కడివేనని 2017లో పరిశోధకులు చూపించారు. దానిని కెంపు అని అమ్మజూపితే మోసపోకండి.

ఇక గీత పరీక్ష. 1812లో జర్మనీకి చెందిన మోస్ అనే శాస్త్రజ్ఞుడు రాళ్ళ గట్టిదనానికి ఒకటి నుంచి పది వరకు మెట్లు కట్టాడు. బలపపు రాయి ఒకటి, పలుగురాయి ఏడు, కెంపూ నీలమూ తొమ్మిది, వజ్రం పది. మన గోరు రెండున్నర, మంచి చాకు మొన సుమారు ఐదున్నర, కిటికీ అద్దం కూడా దాదాపు అంతే. ఊదారంగులోనే ఫ్లోరైటు అని మరొక రాయి వున్నది. అది నాలుగో మెట్టు గనుక చాకుతో గీత పడుతుంది. పలుగుమీద పడదు. ఇక్కడ ఒక చిన్న మెలిక వున్నది. పలుగుమీద చాకు లాగితే బూడిదరంగు గీత కనబడుతుంది. అది రాయి గీసుకొన్నది కాదు, చాకే అరిగి అంటిన ఇనుము. తడివేలితో తుడిచి మళ్ళీ చూడండి. అలాగే “అద్దాన్ని గీసింది గనుక వజ్రమే” అనే మాట నమ్మకండి. రోడ్డుపక్క పలుగురాయి కూడా అద్దాన్ని గీస్తుంది.

నాకు అన్నిటికంటె నచ్చిన పరీక్ష తూకం. ఇప్పుడు చిన్న కిరాణా కొట్లలో కూడా ఎలక్ట్రానిక్ త్రాసు వుంటున్నది గదా. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోండి. తరువాత నీళ్ళున్న గ్లాసు త్రాసుమీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేటట్లు చేత్తో పట్టుకోండి. అప్పుడు త్రాసు చూపే అంకె, రాయి తొలగించిన నీటి బరువు. మొదటి బరువును దీనితో భాగించండి. పెద్దాయన తెచ్చిన గుండు నుంచి శుభ్రమైన ముక్క ఒకటి తీసి తూచాము. పొడిగా 53 గ్రాములు, నీళ్ళలో 20 గ్రాములు వచ్చింది. భాగిస్తే 2.65. అది నిక్కంగా పలుగు లెక్క. వజ్రమైతే 3.52, కెంపైతే 4 దగ్గర రావలె. రాతికి నల్లరాయి అంటుకొని వున్నా, లోపల బోలు వున్నా లెక్క తప్పుతుంది. మరీ చిన్న రాయికి కిరాణా త్రాసు చాలదు, బంగారు పనివారి త్రాసు కావలె. పెద్దాయన లెక్కంతా తన వేళ్ళమీద మరొకసారి వేసుకొని, “అయితే ఆ వర్తకుడు అబద్ధమాడలే” అన్నారు.

అదే నల్లరాతి బోలులో తెల్లగా, పసుపుగా కాల్సైటు కూడా వస్తుంది. దానిని కొంచెం పొడిచేసి నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా పొంగుతుంది. నిజామాబాదు, జగిత్యాల వైపు చేలలో ఆకుపచ్చగానో నల్లగానో గాజులా మెరిసే పెళ్ళలు దొరికితే అవి రాళ్ళే కాకపోవచ్చు. పూర్వం ఇనుము కరిగించిన కొలుముల చిట్టెం అయివుంటుంది. లోపల గాలి బుడగలు కనబడితే సందేహం తీరినట్లే.

వజ్రం మాట వచ్చింది గనుక రెండు ముక్కలు చెప్పాలి. గోల్కొండ వజ్రం అంటాము గాని గోల్కొండలో వజ్రం పుట్టలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి చోట్ల తవ్వి ఇక్కడికి తెచ్చి అమ్మేవారు. నేటికీ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకొని వెదుకుతూనే వుంటారు. సానపట్టని వజ్రం దుకాణంలో వజ్రంలా మెరవదు. నూనె రాసిన పటికలా వుంటుంది, నీరు దానిమీద పరచుకోదు. అందరికంటె తెలిసినవారికే పొరపాటు వస్తుందేమో! దాదాపు 184 క్యారట్ల జేకబ్ వజ్రాన్ని ఆరవ నిజాము 1891లో తెప్పించుకొన్నాడు. తండ్రి పోయిన తరువాత అది ఆయన చెప్పు మునివేళ్ళ భాగంలో ఏడవ నిజాముకు దొరికిందనీ, కాగితాలమీద బరువుగా వాడుకొన్నాడనీ చెబుతారు. అది కూడా మన నేలది కాదు, దక్షిణాఫ్రికాది.

ఒక్క పని మాత్రం చేయవద్దు. “సుత్తితో కొడితే పగలకపోతే వజ్రం” అని పల్లెల్లో ఒక మాట వున్నది. ఇది శుద్ధ తప్పు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు ఆగడం వేరు. వజ్రానికి చీలిపోయే వాలు వున్నది, ఆ వాలున దెబ్బ తగిలితే రెండు ముక్కలవుతుంది. ఆ పరీక్షలో నెగ్గేది ఏ గులకరాయో అయివుంటుంది!

ఇంట్లో పరీక్షలు చేసినా సందేహం తీరకపోతే, హైదరాబాదు బండ్లగూడలో భారత భూగర్భ సర్వే వారి దక్షిణ ప్రాంత కార్యాలయం వున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖ వున్నది. దూరం అనుకొంటే జిల్లా గనుల శాఖవారిని అడగండి. వెళ్ళేముందు రాయి దొరికిన సర్వే నంబరు, లోతు, చుట్టూ వున్న మట్టి రంగు, తేదీ ఒక కాగితం మీద రాసి రాయితో కలిపి చుట్టండి. ఎక్కడిదో తెలియని రాయి గురించి ఏ నిపుణుడైనా సగమే చెప్పగలడు. రాళ్ళకోసం తవ్వకం పెట్టుకొనే ఆలోచన వుంటే, 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేనిదే గని తవ్వరాదు. “అవన్నీ నేను చూచుకొంటాను, మీరు సంతకం పెట్టండి చాలు” అని మధ్యవర్తి అంటే, ఆ కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు.

మన పెద్దాయన పెట్టలేదు. ఆ వారంలోనే బావి పని మళ్ళీ మొదలుపెట్టించారు. గుండులో ఒక చిప్ప నా బల్లమీద వుంచి వెళ్ళారు, రెండోది మనుమరాలికట. ఇంట్లో కిటికీ దగ్గర మాత్రం పెట్టవద్దని చెప్పాను. నేను ఇదివరకు అట్లాంటి ముక్క ఒకటి ఆఫీసు కిటికీలో పెట్టి, రెండు వేసవులకు దాని రంగు వెలవెలబోయేటట్లు చేసుకొన్నాను.